చీకటి గదిలో బొద్దింక

అక్కతో వచ్చిన చిక్కేమిటంటే, ఆవిడ జీవితంలో ఒక్కసారి కూడా తప్పు చేయలేదు. పాలు పొంగిపోతే పొయ్యిది తప్పు. బస్సు వెళ్ళిపోతే డ్రైవరుకి తొందరెక్కువ. ఒక ఏడాది చెల్లెలికి పెళ్ళిరోజు శుభాకాంక్షలు ఓ రోజు ముందే చెప్పేసి, చెల్లెలింటి క్యాలెండరు వెనకబడిందని తేల్చింది. అలాంటి మనిషికి తోబుట్టువుగా పుట్టడమంటే పుట్టినప్పటి నుంచీ గోడతో వాదించడమే. గోడకైనా ఎప్పుడో ఒకప్పుడు పెచ్చులూడతాయి. అక్కకి అదీ లేదు.

ఆ చెల్లెల్ని ఇంట్లో అందరూ చిన్నది అంటారు. జుట్టు నెరిసింది, మోకాళ్ళు అరిగాయి, కూతురికి కూతురు పుట్టింది. అయినా చిన్నదే.

చిన్నదానికి మూసిన తలుపంటే పడదు. స్నానాల గదికి గొళ్ళెం పెట్టదు. తలుపు ఓరగా వేసుకుంటే, బయట మొగుడు కుర్చీ వేసుకుని కాపలా కూర్చోవాలి. పెళ్ళైన కొత్తలో అది ముచ్చటగానే ఉండేది. ఇప్పుడాయన ఉద్యోగం నుంచి దిగిపోయి, పొద్దుపోక అక్కడే పేపరు పైకి చదువుతున్నాడు, సంతాప ప్రకటనలతో సహా. వీపుకి సబ్బు రాసుకుంటూ ఊళ్ళో ఎవరెవరు పోయారో వినడం ఆవిడకి అలవాటైపోయింది.

ఇంతవరకూ ఎలాగోలా నెట్టుకొచ్చింది. కూతురు పదో అంతస్తులో ఇల్లు కొనుక్కున్నాకే అసలు తంటా మొదలైంది. చిన్నది లిఫ్టెక్కదు. కొన్నాళ్ళు మెట్లెక్కింది. పైకి చేరేసరికి మాట రాక, వచ్చిన పనేమిటో చేతులతో చెప్పేది. తర్వాత మోకాళ్ళ డాక్టరు మెట్లు మానేయమన్నాడు. అప్పటి నుంచీ సాయంత్రాలు కూతురే పిల్లని పార్సిల్లా చుట్టి కిందికి తెచ్చేది. మేడల మధ్య చిన్న తోట, అందులో సిమెంటు బెంచీ. ఆ బెంచీ మీదే మనవరాలికి మెడ నిలబడింది, ఆ బెంచీ మీదే ముక్కు పీకడం వచ్చింది. బోర్లా పడటం మాత్రం పైన జరిగింది. చిన్నది ఫోన్లో చూసింది.

"అమ్మా, ఒక మాట చెప్తాను, ఏడవకు," అంది కూతురు ఒకరోజు. "నువ్వు రాని రోజు కూడా ఇది ఆ బెంచీని చూసి చేతులు చాస్తోంది. దాని దృష్టిలో అమ్మమ్మంటే బెంచీయే."

చిన్నది నవ్వింది. బాధ కలిగినప్పుడల్లా నవ్వడం ఆవిడకి పుట్టు విద్య.

"నవ్వకు. నా సెలవు అయిపోవస్తోంది. నేను ఆఫీసుకి వెళ్తే దీన్ని చూసుకోవడానికి నువ్వు పైకి రావాలి. రాలేనంటే ఎవరినైనా పెట్టుకుంటాను. కానీ నాకు నువ్వే కావాలి." అని ఒక ఫోన్ నంబరు చేతిలో పెట్టింది. కౌన్సెలర్ నంబరు.

విషయం అక్కకి చేరడానికి ఎంతో సేపు పట్టలేదు.

"డబ్బిచ్చి ఏడవడమేంటే?" అంది అక్క ఫోన్లో. "నాకు చెయ్. ఊరికే ఏడిపిస్తాను."

"నువ్వు ఎప్పటి నుంచో ఏడిపిస్తున్నావుగా. గుణం కనబడలేదు."

"నీకున్నది భయం కాదు, గారం. నాన్న నెత్తికెక్కించుకున్నాడు నిన్ను."

కౌన్సెలర్ గది ఒక దర్జీ కొట్టు పైన ఉంది. కింద మిషన్లు ఆడుతుంటే పైన నేల సన్నగా వణికేది. రెండు కుర్చీలు, కిటికీ, పేషెంటు వీపు వెనక గడియారం. మధ్యలో బల్ల మీద కాగితపు రుమాళ్ళ పెట్టె. ఆ పెట్టెని చూడగానే చిన్నదానికి ఒళ్ళు మండింది. నువ్వు ఏడుస్తావు, మాకు తెలుసులే అని ముందే విస్తరి వేసి పెట్టినట్టు! చచ్చినా దాన్ని ముట్టుకోకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకుంది.

కౌన్సెలరు కూతురి ఈడు పిల్ల. తలుపు వేయనా అని అడిగి, వద్దంటే ఇటుక ముక్క అడ్డం పెట్టి ఓరగా ఉంచింది. ఆ ఇటుక చిన్నదానికి నచ్చింది. అడ్డం పెట్టిన తీరు చూస్తే తన కోసమే వెతికి తెచ్చినట్టుంది.

మొదటి వారాలు హాయిగా సాగాయి. చిన్నదానికి కావలసిందల్లా వినే మనిషి. ఇంట్లో ఆయన వింటాడు గానీ, పేపరు అడ్డంగా ఉంటుంది. ఇక్కడ గంట సేపు పేపరు లేని మనిషి. చిన్నది విజృంభించింది. పుట్టిల్లు మొత్తం తెచ్చి ఆ బల్ల మీద పరిచింది.

పుట్టిల్లంటే నాన్న ఫొటో స్టూడియోయే. వీధిలోకి ఉన్న ముందు గది స్టూడియో, వెనకవైపు గదులు కాపురం, మధ్యలో ఇరుక్కుని చీకటి గది. ముందు గదిలో గోడంత తెర. దాని మీద నీలం సరస్సు, రెండు హంసలు. ఒక హంసకి మెడ మరీ పొడుగు, రంగులేసినవాడికి చెయ్యి జారినట్టుంది. ఊళ్ళో సగం మంది ఆ సరస్సు ఒడ్డునే పెళ్ళి చేసుకున్నట్టు ఆల్బముల్లో ఉంటారు. అద్దం పక్కన దారానికి కట్టిన దువ్వెన, మూత ఊడిన పౌడరు డబ్బా, నలుగురికీ సరిపోయే ఒకే ఒక్క కోటు. సన్నవాళ్ళకి వెనక క్లిప్పులు పెట్టేవాడు నాన్న. లావువాళ్ళకి ముందు పూలగుత్తి ఇచ్చేవాడు.

చీకటి గదిలోకి నాన్న వెంట వెళ్ళే హక్కు చిన్నదానికే ఉండేది. ఎర్ర బల్బు, పుల్లటి మందుల వాసన, తీగ మీద తడి తడిగా వేలాడే ముఖాలు. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ట్రేలోకి చూసేది. తెల్లకాగితం మీద ముందు జుట్టు తేలేది, తర్వాత కనుబొమ్మలు, కళ్ళు. చెంపలు అన్నిటికన్నా ఆఖరు. "చూడవే, వస్తున్నారు," అనేవాడు నాన్న, గుమ్మంలో చుట్టాలు దిగినట్టు. ఎవరో తెలియని పెళ్ళికూతురు నీళ్ళ అడుగు నుంచి మెల్లగా వచ్చి నవ్వేది. నాన్న పళ్ళ సందు నుంచి ఈల వేసేవాడు. ఆ ఈలకి రాగం లేదు, కానీ ఇప్పటికీ ఎక్కడైనా వెనిగర్ వాసన తగిలితే చిన్నదాని చెవుల్లో అది మోగుతుంది.

"మీరు చెబుతుంటే నాకూ ఆ గదిలోకి వెళ్ళాలనుంది," అంది కౌన్సెలరు.

ఆ మెప్పు చాలు. చిన్నది తన అసలు సరుకు బయటికి తీసింది. నలుగురు చేరిన ప్రతి చోటా, భోజనాలయ్యాక అందరూ అడిగి మరీ చెప్పించుకునే కథ. బొద్దింక కథ.

ఫొటోలు కడిగేటప్పుడు ఎర్ర బల్బు ఉండొచ్చు. కెమేరాలోంచి ఫిల్మ్ తీసి డబ్బాలోకి చుట్టేటప్పుడు మాత్రం ఆ వెలుగు కూడా పనికిరాదు, కటిక చీకటి కావాలి. చీకటి గది తలుపుకి లోపలి గడియ ఊడిపోతే నాన్న బయట గొళ్ళెం వేయించాడు. స్టూలు మీద అక్క కాపలా. నాన్న లోపలి నుంచి "రావచ్చు" అంటేనే గొళ్ళెం తీయాలి. రాజు గారొచ్చినా సరే, నాన్న మాట వినబడితేనే. అంతకుముందోసారి అక్క ఏదో అడగడానికి తలుపు తీసింది. ఒక పెళ్ళి మొత్తం తెల్లగా తుడిచిపెట్టుకుపోయింది. నాన్న కొట్టలేదు, తిట్టలేదు. ఆ పెళ్ళివారింటికి తలొంచుకుని వెళ్ళొచ్చాడు. అప్పటి నుంచీ స్టూలెక్కితే అక్క సైనికుడే.

ఆ వేసవిలో మరో పెళ్ళి. మధ్యాహ్నం, ఉక్క, తిండి తినని ఒళ్ళు. ఫిల్మ్ చుడుతూ చుడుతూ నాన్న కళ్ళు తిరిగి పడిపోయాడు. లోపల ఆయనతో ఉన్న చిన్నది గోల మొదలుపెట్టింది. ఇక్కడ చిన్నది ఎప్పుడూ గొంతు సన్నం చేసి, కాళ్ళు కుర్చీ మీదికి ఎత్తేసి చూపిస్తుంది: "అక్కా, బొద్దింక! అక్కోయ్, బొద్దింక!" వెంటనే గొంతు మార్చి, నడుం మీద చెయ్యి వేసుకుని అక్క: "బొద్దింకైనా సరే, నాన్న చెప్పాకే తలుపు!" కాసేపటికి నాన్నే తెప్పరిల్లాడు. చేతులతో తడుముకుని ఫిల్మ్ డబ్బాలో వేసి, మూత బిగించి, "రావచ్చు" అన్నాడు. పెళ్ళి ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. అక్క ఫొటో పెద్దది చేసి, వీధిలోకి కనబడే స్టూడియో అద్దంలో పెట్టారు. అక్క ముద్దుపేరు ఆ రోజు నుంచీ గొళ్ళెం. చిన్నదేమో బొద్దింకకి జడిసి ఊరంతా లేపిన పిల్ల.

కౌన్సెలరు నవ్వాల్సిన చోటల్లా నవ్వింది. తర్వాత అడిగింది: "గదిలో ఎర్ర బల్బు కూడా లేదన్నారు కదా?"

"లేదు. కన్ను పొడుచుకున్నా కనబడదు."

"మరి బొద్దింక మీకెలా కనబడింది?"

చిన్నది నోరు తెరిచింది. ఎన్నో ఏళ్ళుగా వందల నోళ్ళు నవ్విన కథ. ఈ ప్రశ్న ఒక్కరూ వేయలేదు. నోరు తెరిచే ఉంది, మాట లేదు. తర్వాత గాలి కూడా లేదు. ఓరగా ఉన్న తలుపు మూసుకుపోయినట్టనిపించి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయింది. కింద దర్జీ, "ఏమ్మా, కొలత ఇవ్వకుండానే వెళ్ళిపోతున్నారు?" అన్నాడు.

ఆ తర్వాత చిన్నది ఆ వైపు వెళ్ళలేదు. ఒక వారం నీళ్ళ ట్యాంకు కడిగిస్తున్నామంది. మరో వారం ఆయనకి జ్వరమంది.

"నాకు జ్వరమొస్తే నాకు చెప్పాలి కదటోయ్," అన్నాడు మొగుడు. "ఆ అమ్మాయి ఫోన్ చేసి ఎలా ఉందండీ అంటే, దేనికండీ అన్నాను."

"మీకు అబద్ధం ఆడటం కూడా రాదు."

"ముందే చెబితే కాస్త దగ్గేవాడిని." పేపరు మడిచాడు. "ఆ అమ్మాయి ఒక్క మాట చెప్పమంది. మానేయాలనుకుంటే మానేయొచ్చట. కానీ ఆ మాట ఒకసారి ఆ గదికి వచ్చి చెప్పమంది."

"ఎందుకట?"

"నేనడగలేదు. నాకు జ్వరం కదా."

మానేస్తే హాయిగా ఉంటుందనుకుంది గానీ హాయి రాలేదు. ఇదివరకు లిఫ్టంటేనే భయం. ఇప్పుడు బీరువా తలుపు మూసినా గుండె దడదడలాడుతోంది. ఉల్లిపాయ లేకుండానే వంటింట్లో కళ్ళు కారుతున్నాయి. ఆ కోపమంతా మూటగట్టుకుని, ఆ పిల్లని కడిగి పారేయాలని బయల్దేరింది. దారంతా మాటలు నూరుకుంది.

"మానేస్తున్నాను," అంది కూర్చోకముందే.

"సరే," అంది కౌన్సెలరు. "వచ్చి చెప్పారు, సంతోషం. ఎందుకో కూడా చెబుతారా?"

"నీ దగ్గరికి వచ్చాక రోగం ఎక్కువైంది తల్లీ. ఇదేనా బాగుపడటమంటే?"

"కొన్నాళ్ళు ఇలా ఉంటుంది. మూసిపెట్టినది కదిలినప్పుడు ముందు ఇబ్బందే ఎక్కువగా ఉంటుంది. అది మొదట్లోనే మీకు గట్టిగా చెప్పాల్సింది, చెప్పలేదు. ఆ రోజు నేను తొందరపడ్డాను కూడా. మెల్లగా వెళదాం. లేదా ఆపేద్దాం. మీ ఇష్టమే, నిజంగా."

చిన్నది దెబ్బలాటకి వచ్చింది. అవతలివాళ్ళు ముందే తప్పొప్పుకుంటే దెబ్బలాట ఎలా సాగుతుంది? ఇలాంటి మనుషులతో ఆవిడకి అలవాటు లేదు. పుట్టింట్లో ఆ ఆచారమే లేదు. ఏం చేయాలో తోచక కూర్చుంది. కింద మిషను ఆడింది, ఆగింది.

"వాసన వస్తోంది," అంది చిన్నది ఉన్నట్టుండి. "ఇక్కడ కాదు. అక్కడ."

"ఊఁ."

"నాన్న ఈల ఆగిపోయింది. ఏదో పడ్డ చప్పుడు. నేల మీద తడిమాను. నాన్న చెయ్యి దొరికింది, మందుతో తడిగా ఉంది. లాగితే మళ్ళీ కింద పడిపోతోంది." గొంతు సన్నబడింది, ఈసారి వేషం కోసం కాదు. "తలుపు దగ్గరికి వెళ్ళి అన్నాను. అక్కా, నాన్న పలకట్లేదు అన్నాను. బొద్దింక అనలేదు. బొద్దింక లేదసలు. నాన్న పలకట్లేదు, నాన్న పలకట్లేదు అని అదొక్కటే అన్నాను."

కౌన్సెలరు రుమాళ్ళ పెట్టెని కాస్త ఇటు జరిపింది.

"స్విచ్చెక్కడుందో నాకు తెలుసు. బకెట్టెక్కితే అందుతుంది. నేనూ వేయలేదు. ఫిల్మ్ పాడైపోతుందని. నాన్న చచ్చిపోయాడనుకుంటూ, ఫిల్మ్ పాడవకూడదని చీకట్లో కూర్చున్నాను చూడు, అంత బుద్ధిమంతురాలిని!"

నవ్వబోయింది, కుదరలేదు. పెట్టెలోంచి ఒక కాగితం లాగింది. ఆ పెట్టె మీద పగ మాత్రం వదులుకోలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "వచ్చే వారం కూడా ఇదే టైమేనా?" అని విసుగ్గా అడిగింది.

అలా మళ్ళీ మొదలైంది. కొన్ని వారాలు బాగా జరిగేది, కొన్ని వారాలు మెట్ల దగ్గర నిలబడి వెనక్కి పోదామా అని దర్జీతో పిచ్చాపాటీ మాట్లాడేది. గదిలో పని అయ్యాక లిఫ్టు దగ్గర పని మొదలైంది. మొదట లిఫ్టుని దూరం నుంచి చూడటం. తర్వాత పక్కన నిలబడటం. ఆపైన తలుపు తెరిచి పట్టుకుంటే ఒక కాలు లోపల పెట్టి తీయడం. మొగుడు కింద హాల్లో స్టూలు వేసుకుని కూర్చునేవాడు. వచ్చేపోయేవాళ్ళు ఆయన్ని కొత్త వాచ్‌మన్ అనుకుని కొరియర్లు చేతికిచ్చేవారు.

ఆ మధ్యే చిన్నది అక్కకి ఫోన్ చేసింది.

"అక్కా, ఆ రోజు నేను బొద్దింక అన్నానా?"

"అన్నావుగా. ఊరంతా తెలుసు."

"చీకట్లో నాకెలా కనబడిందంటావ్?"

అవతల నిశ్శబ్దం. ఇన్నేళ్ళలో అక్క ఫోన్లో నిశ్శబ్దంగా ఉండటం అదే మొదలు. "పాకిందేమో కాలి మీద. ఆ కౌన్సెలరు ఇవన్నీ తవ్వుతోందా? పనీపాటా లేదా?" అని పెట్టేసింది. తర్వాత రోజులు గడిచినా ఫోన్ లేదు. ఎవరి వంటలో ఉప్పెక్కువైందో, ఎవరి కోడలు ఎవరినేమందో ఏ కబురూ లేదు. అక్క గొంతు వినబడకపోతే ఇల్లు బోసిపోతుందని చిన్నదానికి తెలియదు. మొగుడికి తెలిసింది. "మీ అక్కకి ఒంట్లో బాగుందా? పేపర్లో అయితే పేరు రాలేదు," అన్నాడు.

ఒక సాయంత్రం అక్కే వచ్చింది, నేరుగా కూతురి మేడకి, బిస్కెట్ల డబ్బా చంకన పెట్టుకుని. చిన్నది అప్పుడే లిఫ్టు ముందు నిలబడి ఉంది.

"ఇదా నీ పరీక్ష?" అంది అక్క. "ఎక్కు, నేనున్నాగా."

"నువ్వు ఆ బటన్ నొక్కి పట్టుకో. తలుపు మూసుకోకుండా. నేను చెప్పేదాకా వదలకు."

అక్క నొక్కింది. చిన్నది ఒక కాలు పెట్టింది, రెండోది పెట్టింది, వెనక గోడకి ఆనుకుంది. లోపలి అద్దంలో నెరిసిన జుట్టు కనబడింది. ముందు జుట్టు, తర్వాత కనుబొమ్మలు. ఊపిరి ఎక్కడో సగంలో ఆగి, మళ్ళీ కదిలింది. పైన పదో అంతస్తులో మనవరాలు ఉంది. తలుపు బయట, వేలు తెల్లబడేలా బటన్ నొక్కి పట్టుకుని అక్క ఉంది. స్టూలు మీద కాళ్ళు నేలకందని పిల్ల కూడా అచ్చం అలాగే నిలువుగా, బిగుసుకుపోయి ఉండేది.

"ఎంతసేపైనా సరే," అంది అక్క. "వదలను." తర్వాత లిఫ్టు గడపని చూస్తూ గొణిగింది, "బొద్దింక లేదే."

చిన్నది అద్దంలోంచి కళ్ళు తిప్పి అక్కని చూసింది.

"నువ్వన్నది విన్నాను. పలకట్లేదన్నావు. చెయ్యి గొళ్ళెం దాకా వెళ్ళింది. మళ్ళీ తెల్లబడిపోతే నాన్న ఇంకో పెళ్ళివారింటికి తలొంచుకుని వెళ్ళాలి కదా అని..." చంకలో డబ్బా సర్దుకుంది. "నాన్న లేచాక, అది అంత అరుస్తుంటే తీయలేదేమే అని అడిగాడు. బొద్దింకనుకున్నాను అన్నాను. నాన్న పడీ పడీ నవ్వాడు. ఆ పెళ్ళి పాడయ్యాక నాన్న నవ్వడం అదే మొదటిసారి. ఇక దాన్ని ఎలా వెనక్కి తీసుకోనే? నా ఫొటో కూడా అద్దంలో పెట్టేశాడు. ఆ దారిన వెళ్ళడం మానేసి చుట్టూ తిరిగి బడికి వెళ్ళేదాన్ని."

చిన్నదానికి ఆ మాట కొత్త. అక్క చుట్టుదారి పట్టడం గుర్తుంది. రేగిపళ్ళ కోసమనుకునేది.

"ఆఖర్న ఏమన్నావ్?" అంది చిన్నది. "వినబడలేదు."

"ఆఖర్న ఏమీ అనలేదు."

"అదే. ఆఖర్న ఒకటి ఉండాలి."

అక్క వెనక నీళ్ళ క్యాను భుజాన పెట్టుకుని ఒకతను చాలాసేపటి నుంచి నిలబడి ఉన్నాడు. "అమ్మా, బరువుగా ఉందమ్మా," అన్నాడు ఇక ఆగలేక. "ఎక్కుతారా, దిగుతారా?"

అక్క బటన్ మీది వేలు తీయకుండా తల మాత్రం తిప్పింది. గొంతు మేడ పైదాకా వినిపించేలా అంది: "ఆగవయ్యా! నాదే తప్పు అని మా చెల్లెలికి చెబుతున్నాను. తలుపు తీయకపోవడమూ తప్పే, బొద్దింకనడమూ తప్పే. పూర్తిగా చెప్పనీ. ఈ మాట నాకు కొత్త, నోరు తిరగట్లేదు!"